పైసా ఖర్చు లేకుండా ప్లాస్మిడ్ పటం

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా సీమ కాలేజీలవే. అన్నీ ఒకే ఊసు: డీఎన్‌ఏ సీక్వెన్స్‌ని (దాని అక్షరాల వరసని) తెరమీద చూడటానికి, దానిమీద పని ప్లాన్ చేసుకోవడానికి ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఏది, దాంతో ఎలా తంటాలు పడాలి అని.

*

ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ రెండో సంవత్సరం చదువుతున్నాను. నా ల్యాప్‌టాప్ పాతది, నాలుగు జీబీ ర్యామ్. హాస్టల్లో నెట్ వస్తే వస్తుంది, లేకుంటే లేదు. ప్లాస్మిడ్ మ్యాప్ గీసి, ఏ ఎంజైమ్ ఎక్కడ కోస్తుందో చూసుకోవాలి. డబ్బు పెట్టి కొనలేను. ఏది వేసుకోమంటారు?
— విద్యార్థిని, కర్నూలు

ఏప్ వేసుకోండి. 'ఎ ప్లాస్మిడ్ ఎడిటర్' అనే పేరుకి పొట్టి రూపం అది. ప్లాస్మిడ్ అంటే బ్యాక్టీరియాలో ఉండే చిన్న ఉంగరంలాంటి డీఎన్‌ఏ. అమెరికాలో యూటా విశ్వవిద్యాలయానికి చెందిన వేన్ డేవిస్ రాసిన ప్రోగ్రామ్. చూడ్డానికి పాతకాలం వాటంగా ఉంటుంది, చాలామంది అందుకే మూసేస్తారు. కానీ తేలిక, నెట్ అక్కర్లేదు, విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తుంది.

రికార్డులో అంటించడానికి అందమైన పటం కావాలంటే స్నాప్‌జీన్ వ్యూయర్ పక్కన పెట్టుకోండి. చూడటం, ఫీచర్లకు రంగులూ పేర్లూ పెట్టడం, పటం దించుకోవడం దాంట్లో ఉచితమే. క్లోనింగ్ చేసి చూపించే భాగం మాత్రం డబ్బు కట్టే స్నాప్‌జీన్‌లో ఉంటుంది. యూజీన్ అనేది పూర్తిగా ఓపెన్ సోర్స్. సీక్వెన్స్‌లను పక్కపక్కన పేర్చి పోల్చాలన్నా, సీక్వెన్సింగ్ కంపెనీ పంపే క్రోమాటోగ్రామ్ (ఒక్కో బేసుకి ఒక్కో శిఖరం చూపే పటం) చూడాలన్నా అది పనికొస్తుంది. నాలుగు జీబీలో ప్లాస్మిడ్ల వరకూ బాగానే లాగుతుంది, మొత్తం జీనోమ్ తెరిస్తే కూలబడుతుంది. బెంచ్‌లింగ్ కాలేజీ వాళ్లకు ఉచితం, చాలా పనులు చేస్తుంది, కానీ అంతా బ్రౌజర్‌లోనే. మీ హాస్టల్ నెట్‌కి అది సరిపడదు. అన్నీ ఒక్కరోజే వేసుకుని దేన్నీ నేర్చుకోకుండా పోవడం కన్నా నెలరోజులు ఏప్ ఒక్కదాంతోనే గడపండి.

వేసుకోగానే చేయాల్సిన పని: జవాబు ముందే తెలిసిన లెక్క ఒకటి దానిచేత చేయించడం. ఎన్‌సీబీఐ (అమెరికా ప్రభుత్వ జీవ సమాచార కేంద్రం) సైట్‌లో న్యూక్లియోటైడ్ విభాగానికి వెళ్లి ఎల్09137 అని కొట్టండి. పీయూసీ19 ప్లాస్మిడ్ వస్తుంది. పైన కుడిపక్క 'సెండ్ టు' నొక్కి, ఫైల్, జెన్‌బ్యాంక్ ఫార్మాట్ అని ఎంచుకుని దించుకోండి. ఫాస్టా (పేరూ సీక్వెన్స్ అక్షరాలూ మాత్రమే ఉండే ఫైల్) వద్దు, కారణం ఇప్పుడే చెబుతాం. దించుకున్న ఫైల్‌ని ముందు నోట్‌ప్యాడ్‌లో తెరవండి. మొట్టమొదటి లైన్‌లో 2686 బీపీ (బేసు జతలు, అంటే డీఎన్‌ఏ అక్షరాల జతలు) అనీ, అదే లైన్‌లో 'సర్క్యులర్' అనీ ఉంటుంది. ఆ ఒక్క మాట మీదే చాలా ఆధారపడి ఉంది.

ఇప్పుడు ఏప్‌లో తెరిచి, ఎంజైమ్స్ మెనూలో పీవీయూ2 అనే డీఎన్‌ఏ కోసే ఎంజైమ్ ఎంచుకుని డైజెస్ట్ చేయించండి, అంటే ఎక్కడ తెగుతుందో లెక్క వేయించండి. ఇది సీ-ఏ-జీ-సీ-టీ-జీ దగ్గర నడిమధ్యకి కోస్తుంది. పీయూసీ19లో అలాంటి చోట్లు రెండు. వలయాన్ని రెండుచోట్ల కోస్తే రెండు ముక్కలు: 2364, 322. మీకు ఇవే వచ్చాయంటే అంతా సరిగ్గా ఉంది.

2058, 322, 306 అని మూడు వచ్చాయా? మీ ఫైల్‌ని సాఫ్ట్‌వేర్ తాడులా చూస్తోంది, ఉంగరంలా కాదు. ఫాస్టాలో వలయమా కాదా అన్న సమాచారమే ఉండదు. అక్కణ్ణుంచి కాపీ కొట్టి పేస్ట్ చేస్తే ఈ తిప్పలు తప్పవు. ఇందులో ఇంకో మోసం ఉంది. 322, 306 ముక్కలు రెండూ డీఎన్‌ఏని పొడవునిబట్టి వేరుచేసే ఒక శాతం అగరోజ్ జెల్‌లో విడివిడిగా కనిపించవు, 300 దగ్గర ఒకటే బ్యాండ్‌లా ఉంటాయి. అంటే తప్పు ఫైల్ చెప్పిన లెక్కా, మీ జెల్ కూడా రెండేసి బ్యాండ్‌లే చూపిస్తాయి. పై బ్యాండ్ 2058 దగ్గర ఉండాల్సింది కాస్త పైకి ఆగిందేమిటి, జెల్ సరిగా పరిగెత్తలేదులే అని సర్దుకుపోతారు. జెల్ సరిగానే పరిగెత్తింది. ఏప్‌లో కిటికీ పైనే లీనియర్, సర్క్యులర్ మార్చే బొత్తం ఉంది. స్నాప్‌జీన్ వ్యూయర్‌లో సీక్వెన్స్ పేస్ట్ చేసేటప్పుడే ఏది అని ఎంచుకోవాలి. యూజీన్‌లో సీక్వెన్స్ మీద కుడి క్లిక్ చేసి సర్క్యులర్ అని గుర్తు పెట్టాలి. వలయం అని చెప్పకపోతే, ఫైల్ చివరి బేసుల్లో మొదలై మొదటి బేసుల్లో ముగిసే సైటు ఏదైనా ఉంటే అదీ పట్టుబడదు.

*

పీయూసీ19ని ఎకోఆర్1, హిండ్3 రెండింటితో కలిపి కోశాం. సాఫ్ట్‌వేర్ రెండు ముక్కలంది. జెల్‌లో ఒకటే బ్యాండ్. రెండుసార్లు చేసినా అంతే. ఎంజైమ్ చచ్చిపోయిందా?
— డిగ్రీ కాలేజీ విద్యార్థులు, ప్రొద్దుటూరు

ఎంజైమ్ బతికే ఉందేమో, ఈ జెల్ చూసి మాత్రం చెప్పలేం. ఆ రెండు సైట్లకూ మధ్య దూరం 51 బేసులే. కాబట్టి ముక్కలు 2635, 51. మీరు 500 నానోగ్రాములు లోడ్ చేశారనుకుంటే అందులో చిన్న ముక్క వాటా పది నానోగ్రాములు కూడా రాదు. అంత చిన్నది, అంత కొంచెం, పైగా డై కంటే ముందే పరిగెత్తేది. ఒక శాతం జెల్‌లో ఎవరికీ కనిపించదు.

అసలు ఇబ్బంది వేరే. 2635కీ 2686కీ తేడా జెల్‌లో తెలియదు. అంటే రెండు ఎంజైమ్‌లూ కోశాయో, ఒక్కటే కోసిందో మీ బ్యాండ్ చెప్పదు. ఈసారి నాలుగు గుంటలు నింపండి: కోయని ప్లాస్మిడ్, ఎకోఆర్1 ఒక్కటే, హిండ్3 ఒక్కటే, రెండూ కలిపి. విడివిడి గుంటల్లో ఒక్కో గట్టి బ్యాండ్ 2.7 కేబీ దగ్గర వచ్చి, కోయని గుంటలో సూపర్‌కాయిల్ (మెలికపడి బిగిసిన వలయం) కిందికి దిగి కనిపిస్తే ఎంజైమ్‌లు రెండూ పనిచేస్తున్నట్టే. ప్రాక్టికల్స్‌లో రెండు బ్యాండ్‌లు కళ్లారా చూపించాలంటే పైన చెప్పిన పీవీయూ2 తీసుకోండి. 322 చక్కగా కనిపిస్తుంది.

*

మా వైపు బుడ్డల పంటే ప్రాణం. ప్రాజెక్టుగా అధిక ఓలిక్ ఆమ్లం లక్షణానికి సంబంధించిన ఎఫ్‌ఏడీ2 జన్యువు తీసుకున్నాను. స్థానిక రకం ఆకు నుంచి డీఎన్‌ఏ తీసి, పీసీఆర్ చేసి సీక్వెన్సింగ్‌కి పంపాను. క్రోమాటోగ్రామ్‌లో మొదట్లో బాగుంది, మధ్యలోంచి ఒకదానిమీద ఒకటి రెండేసి శిఖరాలు. కంపెనీ వాళ్లు మీ శాంపిలే బాగాలేదంటున్నారు. సాఫ్ట్‌వేర్‌తో దీన్ని విడదీయొచ్చా?
— పరిశోధక విద్యార్థి, అనంతపురం

శాంపిల్‌లో దోషం ఉందని అప్పుడే అనుకోకండి. వేరుశెనగలో రెండు జీనోమ్‌లు కాపురం చేస్తున్నాయి: అరాకిస్ డ్యూరానెన్సిస్ నుంచి వచ్చిన ఏ జీనోమ్, అరాకిస్ ఇపాయెన్సిస్ నుంచి వచ్చిన బీ జీనోమ్. నలభై క్రోమోజోములు, నాలుగు సెట్లు. ఎఫ్‌ఏడీ2 రెండింట్లోనూ ఉంది, అవి రెండూ నూటికి తొంభై తొమ్మిది వంతులు ఒకటే. మీ ప్రైమర్ (పీసీఆర్‌లో డీఎన్‌ఏ కాపీ మొదలయ్యే చిన్న ముక్క) రెండింటినీ పట్టుకుని ఉంటుంది. వేరుశెనగ తనలో తాను పరాగసంపర్కం చేసుకునే మొక్క, కాబట్టి జంట శిఖరం కనిపించగానే హెటిరోజైగస్ (తల్లి, తండ్రి వైపు కాపీలు వేరువేరు) అని రాసేయకండి. ముందు అనుమానించాల్సింది ఏ, బీ కాపీలు కలిసిపోయాయా అని.

శిఖరాలు ఎలా జంటలయ్యాయో చూస్తే కారణం తెలిసిపోతుంది. ఒకటీ అరా చోట్ల మాత్రమే జంట, మిగతాది శుభ్రంగా ఉంటే అవి బేసు మార్పులు. ఒక చోటునుంచి మొదలై చివరిదాకా జంటలే అయితే, ఆ చోట ఒక కాపీలో బేసు ఎక్కువో తక్కువో ఉందని. అక్కణ్ణుంచి రెండు సీక్వెన్స్‌లూ ఒక అడుగు తేడాతో నడుస్తాయి, ఇక కలవవు. మీ జన్యువు విషయంలో ఇది మరీ గమనించదగ్గది. ఎందుకంటే అధిక ఓలిక్ లక్షణానికి కారణమైన మార్పుల్లో రెండు బాగా తెలిసినవి: ఏ కాపీలో 448వ బేసు జీ పోయి ఏ రావడం, బీ కాపీలో 441కీ 442కీ మధ్య ఒక ఏ అదనంగా దూరడం. మొదటిది 150వ అమినో ఆమ్లాన్ని ఆస్పార్టిక్ నుంచి ఆస్పరజీన్‌కి మారుస్తుంది. రెండోది ఫ్రేమ్‌నే, అంటే మూడేసి బేసులుగా చదివే వరసనే, చెడగొడుతుంది. రెండు కాపీలూ చెడితేనే నూనెలో ఓలిక్ బాగా పెరుగుతుంది.

ఆ అంకెలు జన్యువు చదువు మొదలయ్యే ఏటీజీలోని ఏ నుంచి లెక్కపెట్టినవి. మీ ఫైల్‌లో ఏటీజీకి ముందు భాగం కూడా ఉంటే సాఫ్ట్‌వేర్ చూపించే 448 వేరు, ఈ 448 వేరు. అందుకని ముందు ఏటీజీ నుంచి స్టాప్ దాకా విడిగా ఒక ఫైల్‌గా పెట్టుకుని పని మొదలుపెట్టండి.

ఇక విడదీయడం సంగతి. జంట శిఖరాలను కంప్యూటర్‌లో విప్పే పద్ధతులు లేకపోలేదు గానీ, ఉన్న డీఎన్‌ఏతో కొత్త ప్రైమర్ వేసి ఒక్కో కాపీనే పెంచుకోవడం నిక్కచ్చి పని. ఏ, బీ కాపీల సీక్వెన్స్‌లు రెండూ యూజీన్‌లో ఒకే అలైన్‌మెంట్‌గా తెరిచి, అలైన్ మెనూలో మజిల్ ఎంచుకోండి. తేడా ఉన్న నిలువు వరసలు కొద్దిగానే కనిపిస్తాయి. అందులో ఒకదాన్ని ఎంచుకుని, మీ ప్రైమర్ 3 ప్రైమ్ కొన (కొత్త డీఎన్‌ఏ పెరిగే కొన) సరిగ్గా ఆ బేసు మీద ముగిసేలా పెట్టండి. తేడా ప్రైమర్ నడుమనో, 5 ప్రైమ్ వైపో ఉంటే ప్రయోజనం లేదు, ఎంజైమ్ దాన్ని పట్టించుకోకుండా సాగదీసేస్తుంది. చివరి బేసు ఒక్కటే తేడా అయినా టాక్ (పీసీఆర్‌లో డీఎన్‌ఏని కాపీ చేసే ఎంజైమ్) అప్పుడప్పుడు ఓర్చుకుంటుంది. అలా అయితే కొన నుంచి మూడో బేసుని కావాలనే తప్పుగా పెడితే ఎంపిక గట్టిపడుతుంది.

ఈ పనికి పీఎఫ్‌యూ, ఫ్యూజన్ లాంటి తప్పులు దిద్దే పాలిమరేజ్‌లు వాడొద్దు. అవి 3 ప్రైమ్ కొనలో జత కుదరని బేసుని కొరికి పారేస్తాయి, మీరు కష్టపడి పెట్టిన తేడా కాస్తా పోతుంది. మామూలు టాక్ చాలు. ఎనీలింగ్ (ప్రైమర్ అతుక్కునే దశ) 56 నుంచి 64 డిగ్రీల దాకా గ్రేడియంట్ పెట్టి, బ్యాండ్ వచ్చే వాటిలో అన్నిటికన్నా ఎక్కువ ఉష్ణోగ్రత తీసుకోండి. ప్రైమర్ ఆర్డర్ చేసేముందు ఎన్‌సీబీఐ ప్రైమర్-బ్లాస్ట్‌లో జీవి పేరు దగ్గర అరాకిస్ హైపోజియా, టాక్సానమీ సంఖ్య 3818, ఇచ్చి చూడండి. అక్కడ ఏ, బీ రెండూ లక్ష్యాలుగా వస్తే కంగారు పడకండి. తేడా ఎక్కడ పడుతోందో చుక్కలూ అక్షరాలూ పెట్టి అదే చూపిస్తుంది. జత కుదరని అక్షరం కొనమీదే ఉందా అన్నదే మీకు కావాల్సింది.

సీక్వెన్సింగ్‌కి వాడే ప్రైమర్‌ని మీరు చూడదలచిన చోటికి కనీసం వంద బేసుల దూరంలో పెట్టండి. మొదటి ముప్పై నలభై బేసులు ఎలాగూ సరిగా చదవబడవు. యూజీన్‌లోనో ఫించ్‌టీవీలోనో క్రోమాటోగ్రామ్ తెరిచినప్పుడు బేసు పక్కన నాణ్యత అంకె ఉంటుంది: 20 అంటే వందలో ఒకటి తప్పు, 30 అంటే వెయ్యిలో ఒకటి. 20కి దిగువన ఉన్నవాటిని రెండు కొసలనుంచీ కత్తిరించాకే పోలిక మొదలుపెట్టాలి.

ప్రతిసారీ సీక్వెన్సింగ్ ఖర్చు భరించలేం అనుకుంటే ఎంజైమ్‌తో తేల్చే దారి ఉంది. హెచ్‌పీవై99-1 అనే ఎంజైమ్ సీ-జీ-డబ్ల్యూ-సీ-జీ దగ్గర కోస్తుంది. డబ్ల్యూ అంటే ఏ గానీ టీ గానీ. ఏ కాపీలో మామూలు జన్యువుకి ఆ చోట సీ-జీ-ఏ-సీ-జీ ఉంది, కోస్తుంది. 448లో మార్పు వస్తే సీ-ఏ-ఏ-సీ-జీ అవుతుంది, కోయదు. బీ కాపీకి హెచ్‌పీవై188-1 వాడతారు. జెల్ చేసేముందే రెండు రకాల సీక్వెన్స్‌లనూ ఏప్‌లో పెట్టి డైజెస్ట్ చేయించి, ఏ గుంటలో ఎన్ని బేసుల ముక్క రావాలో కాగితం మీద రాసిపెట్టుకోండి. మీరు పెంచిన ముక్కలో అదే ఎంజైమ్‌కి వేరే సైట్లు కూడా ఉండొచ్చు, అవి మామూలు దాంట్లోనూ మార్పు చెందిన దాంట్లోనూ ఒకేలా తెగుతాయి. అవి తెగాయా లేదా అన్నది మీ ఎంజైమ్ పనిచేసిందనడానికి సాక్ష్యం కూడా.

*

రివర్స్ ప్రైమర్ ఎప్పుడూ నాకు ఎదురుతన్నుతుంది. జన్యువు చివర ఉన్న ఇరవై బేసులు కాపీ చేసి ఆర్డర్ ఇచ్చాను. బ్యాండే రాలేదు. ప్రైమర్ చివర ఎంజైమ్ సైటు పెట్టడం గురించి కూడా చెప్పండి.
— కడప

జన్యువు చివర ఉన్నదాన్ని ఉన్నట్టు కాపీ చేస్తే అది ఫార్వర్డ్ ప్రైమర్ మొగమే పెట్టి బయటికి పోతుంది. రెండు ప్రైమర్లూ ఒకేవైపు నడిస్తే మధ్యలో ఏమీ పెరగదు. మెనూలో మూడు మాటలు పక్కపక్కనే ఉండటంతో ఈ గొడవ: రివర్స్, కాంప్లిమెంట్, రివర్స్-కాంప్లిమెంట్. ఏ-టీ-జీ-సీ-సీ-ఏ అనే ముక్క తీసుకోండి. రివర్స్ అంటే ఏ-సీ-సీ-జీ-టీ-ఏ. కాంప్లిమెంట్ అంటే టీ-ఏ-సీ-జీ-జీ-టీ. రెండూ మీకు అక్కర్లేదు. రివర్స్-కాంప్లిమెంట్ టీ-జీ-జీ-సీ-ఏ-టీ, ఆర్డర్ ఫారంలో 5 ప్రైమ్ ఎడమవైపు ఉండేలా రాయాల్సింది అదే. సరిచూసుకునే దారి సులువు: ప్రైమర్‌ని ఫైల్‌లో 'ఫైండ్'తో వెతకండి, రెండు పోగుల్లోనూ వెతకమని చెప్పండి. ఫార్వర్డ్ పై పోగులోనే, రివర్స్ కింది పోగులోనే దొరకాలి.

ఎంజైమ్ సైటు ప్రైమర్ 5 ప్రైమ్ వైపున చేర్చాలి, దాని బయట ఇంకో నాలుగు నుంచి ఆరు బేసులు తోకగా ఉంచాలి. సైటు సరిగ్గా కొసమీదే ఉంటే ఎంజైమ్‌కి పట్టు దొరక్క కోయదు. కరిగే ఉష్ణోగ్రత లెక్కలో ఈ తోకనూ సైటునూ కలపొద్దు. జన్యువుకి అతుక్కునే 18 నుంచి 22 బేసులకే లెక్క కట్టండి. ఒకే ప్రైమర్‌కి ఒక్కో సాఫ్ట్‌వేర్ ఒక్కో ఉష్ణోగ్రత చెప్పడం చూసి కంగారు పడేవాళ్లు చాలామంది. ఉప్పు గాఢత ఎంత అనుకున్నారు, ప్రైమర్ గాఢత ఎంత అనుకున్నారు అన్నదాన్నిబట్టి నాలుగైదు డిగ్రీలు అటూ ఇటూ అవుతుంది. రెండు ప్రైమర్లకూ ఒకే కాలిక్యులేటర్ వాడండి, వాటి మధ్య తేడా మూడు డిగ్రీలు దాటకుండా చూసుకోండి.

సైటు ఎంచుకునేముందు ఆ ఎంజైమ్ మీ జన్యువు లోపల కోయదని చూసుకున్నారా? ఏప్‌లో జన్యువుని మాత్రమే తెరిచి అసలు కోయనివాటి జాబితా తీయండి. ఎక్స్‌బీఏ1 వాడేవాళ్లకి ఇంకో చిక్కు. దాని సైటు టీ-సీ-టీ-ఏ-జీ-ఏ. దానికి ముందు జీ-ఏ ఉన్నా, వెనక టీ-సీ ఉన్నా మధ్యలో జీ-ఏ-టీ-సీ ఏర్పడుతుంది, మామూలు ఈ.కోలై దానిమీద మిథైల్ గుంపు తగిలిస్తుంది, ఎంజైమ్ కోయదు. పీసీఆర్ ముక్క మీద మిథైల్ ఉండదు కాబట్టి అది కోయబడుతుంది, ప్లాస్మిడ్ మాత్రం మొండికేస్తుంది. ఆ మిథైల్ తగిలించే డ్యామ్ ఎంజైమ్ లేని జేఎం110 లాంటి బ్యాక్టీరియాలో ప్లాస్మిడ్‌ని మళ్లీ పెంచితే సరి.

ప్రైమర్ పొడిగా వస్తుంది. గొట్టం మీద నానోమోల్ అంకె ఉంటుంది, దాన్ని పదితో గుణించినన్ని మైక్రోలీటర్ల నీళ్లు పోస్తే 100 మైక్రోమోలార్ అవుతుంది. 24.6 నానోమోల్ అయితే 246 మైక్రోలీటర్లు. మూత తీసేముందు ఒక్కసారి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పండి, లేకపోతే పొడి మూతకి అంటుకుని ఎగిరిపోతుంది. ఆర్డర్ ఫారంలో పెట్టేటప్పుడు సీక్వెన్స్‌ని వర్డ్‌లోంచి కాక నోట్‌ప్యాడ్‌లోంచి అంటించండి. వర్డ్ దయతో చేసే దిద్దుబాట్లు ఇక్కడ శాపాలు.

*

పీఈటీ28ఏలో జన్యువు పెట్టాం. కాలనీ పీసీఆర్ బాగుంది, డైజెస్ట్ బాగుంది. ప్రోటీన్ మాత్రం హిస్టిడిన్ ట్యాగ్‌తో పట్టుబడటం లేదు.
— తాడిపత్రి

మీరు ఏ సైట్ల మధ్య పెట్టారో రాయలేదు. ఎన్‌డీఈ1, ఎక్స్‌హెచ్ఓ1 మధ్యే అనుకుని చెబుతున్నాం. వెక్టర్‌లో (జన్యువుని మోసే ప్లాస్మిడ్, ఇక్కడ పీఈటీ28ఏ) ఎక్స్‌హెచ్ఓ1 దగ్గర్నుంచి చదువు ఇలా సాగుతుంది: సీటీసీ, జీఏజీ, ఆపైన ఆరు సీఏసీలు, చివర టీజీఏ. ప్రోటీన్‌ని పట్టుకోవడానికి పిడిలా పనికొచ్చే ఈ హిస్టిడిన్ ట్యాగ్ చివర కావాలంటే మీ జన్యువు స్టాప్ కోడాన్ తీసేసి, ఆఖరి కోడాన్ వెంటనే సీటీసీ-జీఏజీ పడేలా ప్రైమర్ రాయాలి. స్టాప్ ఉండిపోయినా, మధ్యలో ఒక్క బేసు ఎక్కువైనా చివరి ట్యాగ్ రాదు. ముందువైపు ట్యాగ్ అయితే వెక్టర్ నుంచే వస్తుంది, ప్రోటీన్ సుమారు 2 కిలోడాల్టన్లు బరువెక్కుతుంది. ముందు ట్యాగ్ కోసమని బామ్‌హెచ్1లో పెట్టి ఉంటే మాత్రం 28ఏ, 28బీ, 28సీ అన్న అక్షరం కీలకం. బామ్‌హెచ్1 దాటాక ఈ మూడింటి ఫ్రేమ్ ఒక్కో బేసు జరుగుతుంది, మొత్తం పొడవుల్లోనే ఆ తేడా తెలుస్తుంది: 5369, 5368, 5367. ఫ్రీజర్‌లో ఉన్నది ఏదో గొట్టం మీది రాత నమ్మి చెప్పకండి.

దీన్ని పట్టుకోవడానికి కట్టిన ప్లాస్మిడ్ మొత్తాన్ని ఫైల్‌గా తయారుచేసి, ఏటీజీ నుంచి తర్జుమా చేయించాలి. చాలామంది జన్యువుని మాత్రమే తర్జుమా చేసి తృప్తి పడతారు. ఉచిత సాఫ్ట్‌వేర్‌లో అతుకు చేత్తో వేయాలి: వెక్టర్‌నీ జన్యువునీ రెండింటినీ పై పోగు తెగే చోటునుంచి పై పోగు తెగే చోటుదాకా కత్తిరించి అంటించండి. ఎక్కడో ఒకచోట పై పోగు, ఇంకోచోట కింది పోగు తీసుకుంటే వేలాడే బేసులు రెండుసార్లు పడతాయి. ఎకోఆర్1లో అయితే జీ-ఏ-ఏ-టీ-టీ-సీ ఉండాల్సిన చోట జీ-ఏ-ఏ-టీ-టీ-ఏ-ఏ-టీ-టీ-సీ కనిపిస్తుంది. అతికించాక ఆ సైటుని మళ్లీ వెతికి, ఉండాల్సినన్నిసార్లు ఉందో లేదో చూస్తే ఈ తప్పు దొరికిపోతుంది.

*

వేరే ల్యాబ్ నుంచి ప్లాస్మిడ్ వచ్చింది, సీక్వెన్స్ ఫైల్ ఉంది, మ్యాప్ లేదు. ఏముందో ఎలా తెలుస్తుంది?
— గుంతకల్లు

పీలాన్నొటేట్ అనే ఉచిత వెబ్ సాధనంలో ఆ ఫైల్ ఎక్కించండి. తెలిసిన ప్రమోటర్లు, నిరోధక జన్యువులు, ఓరిజిన్లు గుర్తించి జెన్‌బ్యాంక్ ఫైల్‌గా ఇస్తుంది. ఒక్క జాగ్రత్త: పేరు పడినంత మాత్రాన జన్యువు పనిచేస్తుందని కాదు. పోలిక ఎన్ని శాతం, ఎంత పొడవు అన్న గడులు చూడండి. నూటికి నూరు కాకుంటే ఆ భాగాన్ని తర్జుమా చేసి మధ్యలో స్టాప్ పడిందేమో చూడాలి. ఇంకా అచ్చుకాని పరిశోధన తాలూకు సీక్వెన్స్ అయితే ఏ వెబ్ సాధనంలోకైనా ఎక్కించేముందు మీ గైడ్‌ని అడగండి.

*

ఇంటర్ పిల్లలకు డీఎన్‌ఏని మూడు కొలతల్లో తిప్పి చూపించాలి. ప్రొజెక్టర్ ఉంది, సాఫ్ట్‌వేర్ వేయడానికి అనుమతి లేదు.
— జువాలజీ లెక్చరర్, ఆదోని

ఏమీ వేయక్కర్లేదండి. ఆర్‌సీఎస్‌బీ ప్రోటీన్ డేటా బ్యాంక్ సైట్‌లో 1బీఎన్‌ఏ అని వెతికి, 'స్ట్రక్చర్' మీట నొక్కండి. బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది, ఫోన్‌లో కూడా. 1981లో డికర్సన్ బృందం ఇచ్చిన నిర్మాణం ఇది, పన్నెండు బేసు జతలు: సీ-జీ-సీ-జీ-ఏ-ఏ-టీ-టీ-సీ-జీ-సీ-జీ. పిల్లలు చుట్టూ ఎర్రచుక్కలేమిటని అడుగుతారు, అవి నీళ్లు.

ఇందులో 4 నుంచి 9 వరకు ఉన్న బేసులు ఎంచుకుని రంగు మార్చండి. అవి జీ-ఏ-ఏ-టీ-టీ-సీ, అంటే ఎకోఆర్1 సైటు. రెండో పోగులో 16 నుంచి 21 వరకు మళ్లీ అదే మాట, ఎదురువైపు నుంచి. పాలిండ్రోమ్ అంటే ఏమిటో బోర్డు మీద ఎంత రాసినా అర్థంకానిది ఇక్కడ ఒక్క తిప్పుతో తెలుస్తుంది. ఏ-ఏ-టీ-టీ ఉన్నచోట సన్న గాడి మరీ ఇరుకవడం కూడా చూపించండి.

తర్వాత పాఠ్యపుస్తకంలోనో, గోడమీద చార్టులోనో ఉన్న బొమ్మ పక్కన పెట్టి పోల్చమనండి. కుడిచేతి బొటనవేలు పైకెత్తి, మిగతా వేళ్లు ముడుచుకునే దిక్కున పోగు పైకెక్కుతుంటే అది కుడి మెలిక. అద్దంలో తిప్పేసిన బొమ్మలు అచ్చులో చాలానే ఉంటాయి. మీ చార్టు ఎటు మెలిక తిరిగిందో పిల్లలచేతే తేల్పించండి.